రంగు కూడా లెక్కే!

మొన్న సంక్రాంతికి అమ్మ మా ఇంటికొచ్చింది. రాత్రి పదిన్నరైంది. ఆఫీసు కాల్ అయిపోయింది. నేను ఎప్పట్లాగే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ రోజు బొమ్మ వేసుకుంటున్నాను. అమ్మ మంచినీళ్ళ కోసం లేచొచ్చి నా వెనకాల నిలబడి కాసేపు చూసింది. "ముగ్గు బాగానే ఉందిరా, రంగులే కుదర్లేదు. గీతలన్నీ ఇరుకైన చోట అంత పసుపు కొడితే అంచు ఎలా కనబడుతుంది?" అంది.

నేను నోరెళ్ళబెట్టాను. అరగంట నుంచి నేను పడుతున్న అవస్థ సరిగ్గా అదే మరి. ఫ్రాక్టల్ అంటే ఏమిటో ఆవిడకి తెలీదు. కానీ యాభై ఏళ్ళ నుంచి రోజూ పొద్దున్నే వాకిట్లో ముగ్గేసిన చెయ్యి. అంతటితో ఆగకుండా, "ఇంతకీ ఇది నువ్వు గీశావా, అది గీసిందా?" అని అడిగేసి మంచినీళ్ళు తాగి వెళ్ళి పడుకుంది.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఈ ప్రశ్న నన్ను చాలామందే అడిగారు. ఆఫీసులో నా సీటు పక్కన ఒక బొమ్మ ప్రింటు తీసి అంటిస్తే "స్క్రీన్‌సేవరా?" అన్నారు. ఈ మధ్య ఇంకాస్త ముదిరింది. "ఒక్క వాక్యం టైపు చేస్తే ఏఐ ఏ బొమ్మయినా వేసిపెడుతుంటే, నువ్వు రోజూ ఆ అరగంట ఎందుకు తగలేస్తున్నావు బాబూ?" అంటున్నారు. నవ్వి ఊరుకుంటూ వచ్చాను గానీ, నిజం చెప్పొద్దూ, లోపల కొంచెం గుచ్చుకుంది. ఫార్ములా వేరేవాళ్ళది, లెక్క కంప్యూటర్‌ది. మరి నాదేమిటి? రంగులేనా? రంగులంటే మొహానికి పౌడరు లాంటివేనా?

కాదని నా వాదన. ఊరికే నా మాట నమ్మక్కర్లేదు. ఈ బొమ్మల చరిత్ర చూస్తే మీకే తెలుస్తుంది.

ముందు బొమ్మ ఎలా పుడుతుందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. ఒక సంఖ్య అనుకోండి. సున్నాతో మొదలుపెట్టండి. దాన్ని వర్గం చేసి మీరనుకున్న సంఖ్య కలపండి. వచ్చినదాన్ని మళ్ళీ వర్గం చేసి మళ్ళీ అదే సంఖ్య కలపండి. ఇలా లూపులో తిప్పుతూ పోవాలి. మీ సంఖ్య 1 అయితే 0, 1, 2, 5, 26, 677... ఆకాశానికి ఎగిరిపోతుంది. -1 అయితే 0, -1, 0, -1... ఎన్నాళ్ళు తిప్పినా అక్కడక్కడే. ఇంటర్లో మన ప్రాణాలు తోడేసిన సంకీర్ణ సంఖ్యలు గుర్తున్నాయిగా? వాటన్నిటికీ ఈ పరీక్ష పెట్టి, పారిపోనివాటికి నలుపు వేస్తే వచ్చేదే మాండెల్‌బ్రాట్ సెట్. సున్నా నుంచి దూరం 2 దాటితే ఇక వెనక్కి రావడమనేది ఉండదు కాబట్టి, దాటగానే లూపు ఆపేయొచ్చు. మొత్తం పదీ పదిహేను లైన్ల ప్రోగ్రాము.

గమనించారా, ఈ లెక్కలో రంగన్న మాటే లేదు. పారిపోయిందా, పారిపోలేదా? రెండే జవాబులు. మరి ఆ నెమలి కన్నులు, ఆ మంటలు, ఆ శంఖాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

దీనికి నూరేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఒకే ఫార్ములాని మళ్ళీ మళ్ళీ తిప్పితే ఏమవుతుందన్నది ఫ్రాన్సులో ఇద్దరు దాదాపు ఒకేసారి పట్టుకున్నారు. ఒకరు గాస్టన్ జూలియా, ఇంకొకరు పియర్ ఫాటూ. జూలియా మొదటి ప్రపంచయుద్ధంలో సిపాయి. 1915లో తగిలిన గాయంతో ముక్కు పోయింది, జీవితాంతం మొహానికి తోలుపట్టీ కట్టుకునే తిరిగాడు. 1918లో ఆయన అచ్చువేసిన వ్యాసం 199 పేజీలు. దానికి ఫ్రెంచి సైన్సు అకాడమీ పెద్ద బహుమతే ఇచ్చింది. ఇవాళ ఆయన పేరు మీద మనం గీసుకునే జూలియా సెట్లు ఎంత చిక్కుముడిగా ఉంటాయో ఆయనకి సమీకరణాల్లో తెలుసు. కానీ ఆ లెక్కలు చేతితో చేసి బొమ్మ వేయడం ఎవరి తరం? మనం చూసే బొమ్మ ఆయన అప్పుడు చూడలేదు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఈ విషయం అటకెక్కిపోయింది.

అటక మీంచి దించినవాడు బెన్వా మాండెల్‌బ్రాట్. 1924లో వార్సాలో పుట్టాడు, 1936లో కుటుంబంతో పారిస్ చేరాడు. పారిస్‌లో ఆయన చదివిన ఎకోల్ పాలిటెక్నిక్‌లో జూలియా మేష్టారే. జూలియా వ్యాసం చదవమని గణితశాస్త్రజ్ఞుడైన బాబాయి ఇస్తే, కుర్రాడికి అప్పట్లో పెద్దగా రుచించలేదు. 1958లో అమెరికా వెళ్ళి ఐబీఎంలో చేరాక, చేతికింద కంప్యూటర్ ఉన్న గణితజ్ఞుడయ్యాడు. 1975లో 'ఫ్రాక్టల్' అన్న మాట పుట్టించాడు. మళ్ళీ జూలియా దగ్గరికి వచ్చింది 1970ల చివర్లో. తన పేరుతో నిలిచిపోయిన ఆ సెట్టుని ఐబీఎం పరిశోధన కేంద్రంలో స్పష్టంగా చూసింది 1980 మార్చి 1న అని చెబుతారు.

అన్నట్టు, అంతకంటే ముందే రాబర్ట్ బ్రుక్స్, పీటర్ మాటెల్‌స్కీ అనే ఇద్దరు 1978లోనే ఈ బొమ్మని ఒక ప్రింటౌటు మీద వేశారు. అదేదో గొప్ప చిత్రం అనుకునేరు. మనం సీ నేర్చుకునేటప్పుడు నక్షత్రం గుర్తులతో పిరమిడ్లు ప్రింట్ చేశామే, అచ్చం అలాగే. నక్షత్రం ఉన్నచోట సెట్టు, ఖాళీగా ఉన్నచోట బయట. నలుపూ తెలుపూ అంతే.

ఆ నలుపూ తెలుపుల్లోనే చిక్కొచ్చింది. మాండెల్‌బ్రాట్ తొలి బొమ్మల్లో పెద్ద ఆకారం చుట్టూ ఏవో చిన్నచిన్న మచ్చలు పడ్డాయి. ప్రింటర్ దుమ్మేమో అనుకోవచ్చు. దగ్గరికెళ్ళి ఇంకా సన్నగా లెక్క కట్టిస్తే కొన్ని మచ్చలు మాయమయ్యే బదులు ఇంకా స్పష్టమయ్యాయి. చూస్తే ఒక్కో మచ్చా పెద్ద బొమ్మకి బుల్లి నకలు! అయితే అవన్నీ దేనికది విడివిడిగా తేలుతున్న దీవుల్లా కనబడ్డాయి. అందుకని సెట్టు ముక్కలు ముక్కలుగా ఉందని మాండెల్‌బ్రాట్ మొదట ఊహించాడు. తర్వాత మరిన్ని బొమ్మలు చూసుకుని ఆ ఊహ మార్చుకున్నాడు. 1982లో అడ్రియన్ దువాడీ, జాన్ హబ్బర్డ్ ఇది మొత్తం ఒకే ముక్క అని రుజువు చేశారు. దీనికి మాండెల్‌బ్రాట్ పేరు పెట్టింది కూడా వాళ్ళే.

మరి దీవుల మధ్య ఉన్న దారం మొదట్లో ఎందుకు కనబడలేదు? ఆ దారం పిక్సెల్ కంటే సన్నం. పిక్సెల్ మధ్యలోని చుక్కని పరీక్షిస్తే అది దారం మీద పడే అవకాశం దాదాపు లేదు. కాబట్టి జవాబు 'బయట', రంగు 'తెలుపు'. మన ప్రోగ్రాము అబద్ధమేమీ చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్నే మొద్దు ప్రశ్న.

ఇప్పుడు ప్రశ్న కొంచెం మార్చండి. "పారిపోయిందా?" అని కాకుండా "ఎన్నో తిప్పుకి పారిపోయింది?" అని అడగండి. ఒక చుక్క 3 తిప్పులకే పోతుంది, ఇంకోటి 40కి, ఇంకోటి 900కి. అంచుకి దగ్గరయ్యేకొద్దీ చుక్కలు వెళ్ళలేక వెళ్ళలేక వెళతాయి, పెళ్ళింటి నుంచి బయల్దేరిన చుట్టాల్లాగా. ఈ సంఖ్య ఎలాగూ లూపు కౌంటర్లో పడి ఉంది, మనం ఇన్నాళ్ళూ పారేస్తున్నాం. దాన్ని రంగుల పట్టికలో ఇండెక్సుగా వాడితే? దీవి చుట్టూ వలయాలు వలయాలుగా రంగులొస్తాయి. ఆ వలయాలు ఒక దీవి నుంచి సాగి ఇంకో దీవిని తాకుతాయి. దారం మీద ఒక్క పిక్సెల్ కూడా పడకపోయినా, దారం ఎటు పోతోందో కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది.

అంటే రంగు వేసింది అందానికే కాదు. నలుపూ తెలుపూ దాచిపెట్టినదాన్ని రంగు బయటపెట్టింది.

ఈ రంగుల బొమ్మల్ని ప్రపంచానికి చూపించిన ఘనత చాలావరకు జర్మనీలోని బ్రెమెన్ విశ్వవిద్యాలయం బృందానిది. హైంజ్-ఒట్టో పైట్‌గన్, పీటర్ రిక్టర్ వాళ్ళ బొమ్మల ప్రదర్శన 1980ల మధ్యలో గోథే ఇన్‌స్టిట్యూట్ ద్వారా దేశదేశాలు తిరిగింది. 1986లో 'ద బ్యూటీ ఆఫ్ ఫ్రాక్టల్స్' అన్న పుస్తకమూ వచ్చింది. కానీ ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళని పాడుచేసింది మాత్రం 1985 ఆగస్టు 'సైంటిఫిక్ అమెరికన్'. అట్ట మీద బొమ్మ వేసి, లోపల ఎ.కె. డ్యూడ్నీ తన శీర్షికలో ప్రోగ్రాము ఎలా రాసుకోవాలో విడమర్చి చెప్పాడు. అంతే, ఎక్కడెక్కడివాళ్ళూ రాత్రి కంప్యూటర్‌ని లెక్కలో పెట్టి పడుకుని, పొద్దున్నే లేచి ఏం వచ్చిందా అని చూసుకోవడం మొదలుపెట్టారు. ఈ రోజువారీ పిచ్చికి పునాది అక్కడ పడింది.

వాళ్ళ దగ్గర ఎన్ని రంగులుండేవనుకున్నారు? 1981 నాటి సీజీఏ కార్డులో 320 × 200 బొమ్మకి నాలుగే నాలుగు. 1984లో వచ్చిన ఈజీఏలో పదహారు. 1987లో వీజీఏ వచ్చాక 2,62,144 రంగుల్లోంచి ఏరుకుని ఒకేసారి 256 చూపించొచ్చు. ఆ 'ఏరుకోవడం' అన్న మాటలోనే కొత్త కళ పుట్టింది. పట్టికలో 256 గళ్ళు, వాటిలో ఏ రంగులు నింపాలో మీ ఇష్టం. లెక్క మళ్ళీ చేయక్కర్లేకుండా పట్టిక మారిస్తే చాలు, అదే బొమ్మ సముద్రం కాస్తా అడవి అయిపోతుంది. గళ్ళని వరసగా జరుపుతూ పోతే బొమ్మ మొత్తం ప్రవహిస్తుంది.

నేను ఈ ఊబిలో దిగింది ఇంజనీరింగు కాలేజీలో, 1990ల మధ్యలో. ల్యాబులో టర్బో సీ. పుట్‌పిక్సెల్‌తో నేను రాసుకున్న ప్రోగ్రాము ల్యాబు పీరియడు అయ్యేసరికి సగం బొమ్మ వేసేది. అదీ పదహారు రంగుల్లో, చీర అంచుల్లా పట్టీలు పట్టీలుగా. ఒక సీనియర్ జాలిపడి ఫ్లాపీలో ఫ్రాక్టింట్ తెచ్చిచ్చాడు. అదే 486 మీద, నాకు గంట పట్టే బొమ్మ కళ్ళముందే చకచకా పడిపోయింది. అవమానంతో రెండ్రోజులు అన్నం సయించలేదు.

ఆ వేగం రహస్యం దాని పేరులోనే ఉంది. అప్పటి పీసీల్లో చాలావాటికి దశాంశాల లెక్క చేసే కోప్రాసెసర్ ఉండేది కాదు. బర్ట్ టైలర్ అనే ఆయన 1988లో ఆ లెక్కని పూర్ణాంకాల్లోకి, అంటే ఇంటీజర్లలోకి మార్చి 386 యంత్రానికి ఒక ప్రోగ్రాము రాశాడు. అదే పెరిగి ఫ్రాక్టింట్ అయింది. ఒక చతురస్రం చుట్టూ అంచంతా ఒకే రంగైతే లోపలా అదే అయ్యుంటుందని ఊహించి నింపేయడం లాంటి తెలివితేటలు అదనం. ఆయన దాన్ని కంపుసర్వ్‌లో ఊరికే ఇచ్చేశాడు. ఎవరికి తోచింది వాళ్ళు కలుపుతూ పోయారు. ఆ గుంపు పెట్టుకున్న పేరు 'స్టోన్ సూప్ గ్రూప్'. ఒక బాటసారి ఊళ్ళోకొచ్చి కుండలో రాయేసి సూపు చేస్తున్నానంటే, ఊళ్ళోవాళ్ళు తలా ఒక కూరగాయా పడేశారట. చివరికి నిజంగానే సూపైంది. ఓపెన్ సోర్స్ అన్న మాట ప్రచారంలోకి రాకముందు సంగతి ఇది.

నాకు అందులో నచ్చింది ఇంకోటుంది. ఫ్రాక్టింట్ బొమ్మని జిఫ్ ఫైలుగా దాచేటప్పుడు, ఆ బొమ్మని పుట్టించిన సంఖ్యల్ని కూడా అందులోనే దాచేది. మీరు పంపిన బొమ్మని నేను తెరిచి, అదే చోటునుంచి ఇంకా లోపలికి వెళ్ళొచ్చు, మీ రంగులు తీసేసి నావి వేసుకోవచ్చు. వంటతో పాటు వంట చేసే పద్ధతీ పంపేయడమన్నమాట.

సరే, "తిప్పుల సంఖ్యకి రంగు వేయడం కళేమిటి, కాలక్షేపం" అనేవాళ్ళకి నేను చెప్పే కథ ఒకటుంది. 1991లో కొలరాడోలో చదువుకుంటున్న డేవ్ బోల్ అనే విద్యార్థికి ఒక చిన్న సందేహం వచ్చింది. మాండెల్‌బ్రాట్ సెట్టులో హృదయం ఆకారపు పెద్ద ముక్కా, దాని ఎడం పక్కనున్న వృత్తమూ -0.75 దగ్గర కలుస్తాయి. ఆ మెడ నిజంగా ఒక్క చుక్కంత సన్నమేనా? చూద్దామని ఆ చుక్కకి నిట్టనిలువుగా కొంచెం పైన, అంటే ఊహాభాగం 0.1 దగ్గర, ఎన్ని తిప్పులు పడుతున్నాయో లెక్కపెట్టాడు. 33. ఇంకా దగ్గరగా 0.01 దగ్గర 315. 0.001 దగ్గర 3143. 0.0001 దగ్గర 31417. చూశారా? 3.1417! వృత్తమూ చుట్టుకొలతా ఏమీ లేని ఒక వర్గం-కూడిక లూపులోంచి పై ఊడిపడింది. ఇది ఎందుకు ఇలాగే రావాలో 2001లో ఆరన్ క్లెబనాఫ్ రుజువుతో సహా ప్రచురించాడు.

అది అక్షరాలా రంగు సంఖ్యే. రోజూ మనం ప్యాలెట్‌లో పడేసే ఇండెక్సు. నమ్మకపోతే ఇవాళే పది లైన్లు రాసి చూసుకోండి, మీ ఫోన్లో కూడా వస్తుంది.

ఇక అక్కణ్ణుంచి ఈ కళలో వచ్చిన ప్రతి మలుపూ 'ఇంకేం అడగొచ్చు?' అన్న దగ్గరే మొదలైంది. పట్టీల సంగతే తీసుకోండి. తిప్పుల సంఖ్య పూర్ణాంకం కాబట్టి 7కీ 8కీ మధ్య గీత పడుతుంది. పిల్లాడి వయసు అడిగితే "ఏడేళ్ళు" అనడం లాంటిది ఇది. "ఏడేళ్ళ నాలుగు నెలల పది రోజులు" అని చెప్పగలిగితే గీత ఉండదు. పారిపోయిన క్షణంలో చుక్క ఎంత దూరం దూకిందో చూసి, లాగరిథమ్ రెండుసార్లు వేస్తే ఆ నెలలూ రోజులూ వచ్చేస్తాయి. 1988లో పైట్‌గన్ బృందం తెచ్చిన 'ద సైన్స్ ఆఫ్ ఫ్రాక్టల్ ఇమేజెస్' పుస్తకంలోనే ఇలాంటి పద్ధతుంది. దాంతో పట్టీలు పోయి పట్టుచీర మెరుపొచ్చింది.

బగ్గులోంచి పుట్టిన పద్ధతి కూడా ఉందండోయ్! ఐబీఎంలోనే పనిచేసే క్లిఫర్డ్ పికోవర్ 1986 ప్రాంతంలో రాసిన ప్రోగ్రాములో, పారిపోయిందా అని చూసే షరతు తప్పు పడింది. తెర మీద సూక్ష్మదర్శినిలో కనబడే ఏకకణ జీవుల్లాంటివి ప్రత్యక్షమయ్యాయి. మనమైతే షరతు సరిచేసి మూసేసేవాళ్ళం. ఆయన వాటికి బయోమార్ఫులని పేరు పెట్టి వ్యాసం రాశాడు. చుక్క ఎప్పుడు పోయింది అని కాకుండా, పోయే దారిలో దేనికి దగ్గరగా వెళ్ళింది అని అడిగితే ఇంకో రకం రంగులు. దీన్ని ఆర్బిట్ ట్రాప్ అంటారు. అదే ఫార్ములా, అదే చోటు, ప్రశ్న మారితే బొమ్మ మారుతుంది.

1992లో స్కాట్ డ్రేవ్స్ ఫ్లేమ్ పద్ధతి తెచ్చాడు. అందులో ఒక చుక్క కొన్ని సూత్రాల మధ్య యాదృచ్ఛికంగా గెంతుతూ ఉంటుంది. ఒక్కో సూత్రానికీ ఒక్కో రంగు. చుక్క ఏ సూత్రం తాకితే ఆ రంగు కాస్త అంటుకుంటుంది, హోలీలో తిరిగొచ్చినట్టు. ఒక పిక్సెల్ మీద ఎన్నిసార్లు పడిందన్న దాని లాగరిథమ్ వెలుతురవుతుంది. ఆ లాగరిథమ్ తీసేస్తే బొమ్మలో నాలుగు తెల్లమచ్చలు తప్ప ఏమీ మిగలదు. 1999లో ఆయన దీంతో 'ఎలక్ట్రిక్ షీప్' అనే స్క్రీన్‌సేవర్ కూడా చేశాడు. కాబట్టి "స్క్రీన్‌సేవరా?" అన్న నా సహోద్యోగి మరీ అంత తప్పేమీ అనలేదు :-)

ఫ్రెడెరిక్ స్లైకర్‌మన్ రాసిన అల్ట్రా ఫ్రాక్టల్‌లో ఫార్ములాలు వేరు, రంగు వేసే పద్ధతులు వేరు. రెండిటినీ కోరినట్టు జతపరిచి పొరలు పొరలుగా పరచుకోవచ్చు. రంగు వేయడమే ఒక ప్రోగ్రామింగు అయిపోయింది. 2013లో కె.ఐ. మార్టిన్ ఒక్క చుక్కని మాత్రం బోలెడు అంకెలతో లెక్కగట్టి, మిగతావాటికి దాన్నుంచి తేడాలు మాత్రమే కట్టే ఉపాయం ప్రచారంలోకి తెచ్చాడు. మామూలు డబుల్ ప్రెసిషన్‌తో పది లక్షల కోట్ల రెట్ల దగ్గర బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోయేది, ఆ గోడ కూలింది.

ఇదంతా చూసి గణితం పెద్దలందరూ చప్పట్లు కొట్టలేదు. 1989లో స్టీవెన్ క్రాంట్జ్ 'మాథమెటికల్ ఇంటెలిజెన్సర్' పత్రికలో గట్టిగానే విమర్శించాడు. బొమ్మలు బాగున్నాయి సరే, వీటివల్ల తేలిన గణిత సమస్యలేవి అన్నది ఆయన వాదన సారాంశం. మాండెల్‌బ్రాట్ జవాబూ అక్కడే అచ్చయింది. క్రాంట్జ్ మాటలో నిజం లేకపోలేదు. బొమ్మ చూసి మురిసిపోవడం రుజువు కాదు. దీవులన్నీ విడివిడి అని మాండెల్‌బ్రాట్‌నే బొమ్మ మోసం చేసింది కదా. కానీ ఆ తప్పు దిద్దుకునే దారి చూపించిందీ బొమ్మే. మొద్దు ప్రశ్నకి మొద్దు బొమ్మ వస్తుంది, ప్రశ్న పదునెక్కితే బొమ్మా పదునెక్కుతుంది. నేను ఈ వాదులాటలో ఏ పక్షమో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

నా అరగంటలో జరిగేదీ ఇదే, చిన్న ఎత్తున. మొదటి ఐదు నిమిషాలు చోటు వెతుక్కోవడం. తర్వాత రంగులన్నీ తీసేసి బూడిదరంగులో చూస్తాను. అందులో నిలవని బొమ్మ ఏ రంగులోనూ నిలవదు. ఆ తర్వాత తిప్పుల లెక్క ఎలా పంచుకుందో చూస్తాను. నూటికి ఎనభై పిక్సెళ్ళు వంద తిప్పుల్లోపే పోతాయి, అంచు దగ్గరి కొద్దీ మాత్రం వేలల్లో ఉంటాయి. పట్టికని సమానంగా పంచితే రంగులన్నీ ఆ కొద్దిపాటి అంచుకే ఖర్చయిపోతాయి. అందుకే సంఖ్యకి లాగరిథమో వర్గమూలమో వేయాలి. అంచు ఇరుకైన చోట పక్కపక్క పిక్సెళ్ళే 900, 4000, 1500 అని గెంతుతాయి. అక్కడ మెరిసే రంగు పెడితే ఇసుక చల్లినట్టు అయిపోతుంది. మొదట్లో నేను ఇంద్రధనుస్సు మొత్తం దింపేసేవాణ్ణి. ఇప్పుడు రెండు రంగులు, ఒక చీకటి, ఎక్కడైనా ఒక్క మెరుపు. పది బొమ్మల్లో తొమ్మిది చెత్తబుట్టకే. మిగిలినదాన్ని తేదీ పేరుతో దాచుకుంటాను. బొమ్మ కాదు, ఆ సంఖ్యలు. నాలుగైదు లైన్లు. అవి మీకిస్తే మీ దగ్గరా అచ్చు అదే బొమ్మ వస్తుంది.

ఏఐ సంగతి అడిగినవాళ్ళకి నా జవాబు కూడా ఇదే. అది వేసే బొమ్మలు బాగుంటాయి, నేనూ వాడతాను. కానీ ఆ మూలనున్న నీలం ఎందుకు నీలమని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. నా బొమ్మలో ప్రతి పిక్సెల్‌కీ జమాఖర్చు ఉంది. ఏ ప్రశ్న అడగాలో ఎంచుకున్నది నేను. జవాబు చెప్పింది లెక్క.

అమ్మ 'ముగ్గు' అనడం కూడా పొరపాటేమీ కాదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీ, కమలా కృతివాసన్ 1974లోనే ముగ్గుల్ని వ్యాకరణ సూత్రాలుగా రాసి కంప్యూటర్ గ్రాఫిక్స్ పత్రికలో ప్రచురించారు. వాళ్ళు చూసింది తమిళుల కోలం, మన మెలికల ముగ్గుకి అక్కచెల్లెలు. తర్వాత ప్రుసింకీవిచ్ అవే ముగ్గుల్ని ఎల్-సిస్టమ్స్ పద్ధతిలో గీసి చూపించాడు. చెట్లూ ఫ్రాక్టల్ గీతలూ గీసే సూత్రాలే అవి. ఫ్రాక్టింట్‌లోనూ ఆ ఎల్-సిస్టమ్స్ ఉండేవి.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే, మా ఫ్లాటు గుమ్మం ముందున్న రెండడుగుల జాగాలో అమ్మ ముగ్గేస్తోంది. పక్కన పాత ముగ్గుల పుస్తకం తెరిచి ఉంది. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు" అని ఉంది బొమ్మ కింద. నాలుగు సంఖ్యలు ఇస్తే ఎవరి వాకిట్లోనైనా అదే ముగ్గు. నా తేదీ ఫైలు లాంటిదే.

"అమ్మా, ఇది నువ్వేస్తున్నావా, పుస్తకం వేస్తోందా?" అన్నాను, రాత్రి బాకీ తీర్చుకుందామని.

తలెత్తకుండానే, "చుక్కలు దానివి. ఏ రేకులో ఏ రంగో అది చెప్పదుగా. అడ్డు లేచి ఆ గులాల్ డబ్బా ఇటియ్యి" అంది.

ఆ రాత్రి పాత ఫైలు తెరిచి, ఇరుకు చోటున్న పసుపు తీసేసి ముదురు నీలం వేశాను. అంచు తేలింది. ఎడమవైపు మూల, పసుపు కింద ఇన్నాళ్ళూ కనబడని నల్లమచ్చ ఒకటుంది. దుమ్మేమోనని తెర తుడిచాను. పోలేదు. జూమ్ చేశాను.